రక్తం మీది, డాక్టరేట్ మాది

ప్రపంచ ఆరోగ్యంలో డాక్టరేట్ చెయ్యాలంటే అన్నిటికన్నా ముందు కావలసింది పరాయి ఊళ్లో ఒక రోగం. మీ వీధి చివర మురుగ్గుంట ఉండి, దోమలు లేచి, ఇంటిల్లిపాదీ జ్వరాన పడితే అది మునిసిపాలిటీ గొడవ. అదే గుంట రెండు విమానాలు మారి, ఆపైన జీపెక్కితే గానీ చేరలేనంత దూరంలో ఉంటే అది గ్లోబల్ హెల్త్. ఈ వెటకారం నాది కాదు. గ్లోబల్ హెల్త్ అంటే ఆచరణలో ఎక్కడో వేరేచోటి ప్రజారోగ్యమేనని ఆ రంగంలోని వాళ్లే 2020లో ఒక పేరున్న జర్నల్లో రాసుకున్నారు. రాసుకున్నాక విమానాలు ఎక్కడం మాత్రం మానలేదు.

దీనికి ఇటీవల ఇంకో తోక తగిలించారు, ఇంటర్‌డిసిప్లినరీ అని. ఒక శాస్త్రం చాలదట. వైద్యం, గణాంకం, ఆర్థికం, మానవశాస్త్రం, న్యాయం, పర్యావరణం కలిపి రుబ్బితే తప్ప పేదవాడి జ్వరం అంతు చిక్కదట. మాట వరకు నిజమే. జ్వరం ఒక్క క్రిమి వల్లే రాదు. కూలి వల్ల వస్తుంది, నీటి వల్ల వస్తుంది, అప్పు వల్ల ముదురుతుంది, ఆఫీసులో కూర్చున్న బాబు వల్ల ప్రాణం మీదికొస్తుంది. మన పల్లెల్లో ఏ ముసలమ్మని అడిగినా ఈ సంగతి చెబుతుంది. దీనికి ఫెలోషిప్ ఇస్తారన్నదొక్కటే ఆవిడకి తెలియదు.

లండన్, జెనీవా, బోస్టన్, సియాటిల్ ఊళ్ల విశ్వవిద్యాలయాల బ్రోషర్లు ఏవైనా తిరగేసి చూడండి. అట్ట మీద ఒక పాప. పాప పక్కన చేతిపంపు. పంపులో నీళ్లు వస్తున్నాయో లేదో కనపడదు గానీ పాప నవ్వుతూ ఉంటుంది. ఫొటో తీసినవాడి పేరు మూలన సన్నటి అక్షరాల్లో వేస్తారు. పాప పేరు ఎక్కడా ఉండదు. లోపలి పేజీల్లో ‘సరిహద్దులు చెరిపేసే విద్య’ అని పెద్ద అక్షరాలు. చెరిపేది డిపార్టుమెంట్ల మధ్య సరిహద్దులని విడమరిచి చెప్పుకోవాలి. ఆ పాప పెద్దదై అదే కోర్సుకి అప్లికేషన్ పెడితే వీసా ఆఫీసు దగ్గర వేరే సరిహద్దు ఒకటి తగులుతుంది. దాన్ని చెరిపే బాధ్యత ఏ డిపార్టుమెంటూ తీసుకోలేదు.

సరే, మన అభ్యర్థికి సీటొచ్చిందనుకుందాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద పరిశోధన. గైడ్లు ఐదుగురు. వైద్యుడు క్రియాటినిన్ కొలవమంటాడు. గణాంకవేత్తకి శాంపిల్ చాలదు, ఎంత తెచ్చినా చాలదు. పర్యావరణ ప్రొఫెసర్‌కి బావి నీళ్లు సీసాల్లో కావాలి. మానవశాస్త్రం మేడమ్‌కి ‘రోగి’ అన్న మాటే కిట్టదు, మనిషిని రోగం దగ్గర కుదించేస్తున్నారని ఆవిడ బాధ. ఆర్థికవేత్త ఇంతసేపూ ఫోను చూసుకుని, చివర్లో తలెత్తి ‘ఇదంతా డాలీల్లో ఎంత?’ అంటాడు. ఐదుగురికీ ఒకే రోజు ఖాళీ దొరకడానికి ఒక సెమిస్టరు పడుతుంది. దొరికిన రోజున గంటన్నర మాట్లాడుకుని థీసిస్ పేరులో ఒక కోలన్ పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానిస్తారు. కోలన్‌కి ముందు కవిత్వం, తర్వాత శాస్త్రం. ‘పలకని కిడ్నీలు, పలికే బావులు: తూర్పు తీర భారతంలో దీర్ఘకాలిక మూత్రపిండ రుగ్మతపై బహుశాస్త్రీయ పరిశీలన.’ ఐదు శాస్త్రాలూ ఒక్కటైన చోటు ఆ రెండు చుక్కలే.

ఆ డాలీల సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఇదంతా ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. డాలీ అంటే రోగం వల్లా చావు వల్లా పోయిన ఆరోగ్యకర జీవితాన్ని ఏళ్లలో లెక్కగట్టే కొలత. దీన్ని లోకానికి పరిచయం చేసింది ఏ ఆసుపత్రో కాదు, 1993లో ప్రపంచ బ్యాంకు నివేదిక. మొదట్లో ఆ లెక్కలో ఏళ్లన్నీ సమానం కావు. పాతికేళ్ల వాడి ఏడాదికి ఎక్కువ విలువ, చంటిపిల్లదానికీ ముసలివాడికీ తక్కువ. ఎందుకంటే పాతికేళ్లవాడు పనిచేస్తాడు, సంపాదిస్తాడు, నలుగురిని పోషిస్తాడు. తాతయ్య ఏడాదికి తరుగు తీశారన్నమాట, బంగారం కొట్టులో తీసినట్టు. ఇది అన్యాయం అని చాలామంది గోల పెట్టగా పెట్టగా 2010 లెక్కల నాటికి ఆ తేడా ఎత్తేశారు. కొలత మారాక పాత కొలత మీద వచ్చిన డాక్టరేట్లు వెనక్కి తీసుకున్నారా అని అడక్కండి. డాక్టరేట్లకి తరుగు ఉండదు.

కోర్సువర్కులో ఒక చరిత్ర పాఠం ఉంటుంది. ఈ విద్యకి పాతపేరు ట్రాపికల్ మెడిసిన్. 1898లో లివర్‌పూల్లో, 1899లో లండన్లో బళ్లు తెరిచారు. లివర్‌పూల్ బడికి డబ్బు పెట్టింది ఒక ఓడల వ్యాపారి. లండన్ బడికి అండగా నిలబడింది వలసల మంత్రి జోసెఫ్ చాంబర్లేన్. పశ్చిమాఫ్రికాకి వెళ్లిన దొరలూ వాళ్ల గుమాస్తాలూ జ్వరాలతో పిట్టల్లా రాలిపోతుంటే వ్యాపారం నడిచేదెలా అన్నది అప్పటి పరిశోధనాంశం. అక్కడ పుట్టినవాళ్లు రాలిపోవడం అప్పటికింకా ఏ శాస్త్రం కిందికీ రాలేదు.

ఆ చరిత్రలో మనకీ ఒక అధ్యాయం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టాడు. ఆ దోమలకి ఒళ్లప్పగించినవాడు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున కూలి. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది, బేగంపేటలో ఆయన పేర భవనం వెలిసింది. హుస్సేన్ ఖాన్‌కి వచ్చినవి అణాలే. అయినా రాస్‌ని మెచ్చుకోవలసిన విషయాలు రెండున్నాయి. ఆయన వైద్యం చేస్తూనే పద్యాలు రాశాడు, నవలలు రాశాడు, మలేరియా వ్యాపించే తీరుకి గణిత సూత్రాలు కట్టాడు. ఏ సమన్వయ కమిటీ లేకుండానే ఒక్క బుర్రలో ఇన్ని శాస్త్రాలు కాపురం చేశాయి. రెండోది, దోమకింతని రొక్కం చేతిలో పెట్టాడు. ఇప్పుడు రక్తం ఇచ్చినవాడికి దక్కేది ఒక బిస్కెట్ పొట్లం, మహా అయితే ఒక ఫ్రూటీ. అంతకు మించితే ప్రలోభపెట్టినట్టు అవుతుందని ఎథిక్స్ కమిటీ బెంగ. పరిశోధకుడికి నెలనెలా వచ్చే స్టైపెండు ఎవరినీ ప్రలోభపెట్టదు.

ఎథిక్స్ అంటే మనవాళ్లకి ఖమ్మం గుర్తురావాలి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలకి, సుమారు పద్నాలుగు వేలమందికి, హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికా సంస్థ పాత్ చేయించింది, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, తోడు మన వైద్య పరిశోధన మండలి, మన రాష్ట్ర సర్కారు. అందులో గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. కొందరు పిల్లలు చనిపోయారు, 2010లో కార్యక్రమం ఆపేశారు. ఆ చావులకి టీకా కారణమై ఉండకపోవచ్చని విచారణ కమిటీ తేల్చింది. టీకా మంచిదే, ఎన్నో దేశాలు ఆడపిల్లలకి వేస్తున్నాయి. నా పేచీ కన్సెంట్ ఫారాల దగ్గర. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆ ఫారాల గుట్టు విప్పింది. 9,543 ఫారాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. ఇంకో 1,948 మీద వేలిముద్రలు. కన్నవాళ్లు పోడు చేలల్లో ఉన్నారు, వార్డెన్ ఆఫీసుగదిలో ఉన్నాడు. ఎవరు దగ్గరో చూసుకుని పని కానిచ్చారు. కొండెక్కి వెళ్లి తల్లిని కూర్చోబెట్టి చెప్పడం ఏ శాస్త్రం సిలబస్‌లోనూ లేదు కాబోలు.

దాని తర్వాత జ్ఞానోదయం అయింది. ఫారం లావెక్కింది. ‘మీరు ఎప్పుడైనా వైదొలగవచ్చు, మీ సమాచారం గోప్యంగా ఉంచబడును, ఇందువల్ల మీకు ప్రత్యక్ష ప్రయోజనం ఉండకపోవచ్చు’. ఈ మూడోది మాత్రం అక్షరాలా నిజం. గ్లోబల్ హెల్త్ మొత్తం మీద ఇంత నిజాయితీ గల వాక్యం ఇంకోటి లేదు.

ఇప్పుడు ఉద్దానం వెళ్దాం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస తోటలు. పక్కనే సముద్రం. చూస్తే ఇక్కడ రోగమేమిటి అనిపిస్తుంది. షుగరు ఉండదు, బీపీ ఉండదు, ఎండలో కొబ్బరి దింపుకునే మనిషికి ఉన్నట్టుండి నీరసం, కాళ్ల వాపు. పరీక్ష చేయిస్తే కిడ్నీలు అప్పటికే సగం పోయి ఉంటాయి. ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు తోటల్లో ఇలాంటిదే ఉంది, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో ఇలాంటిదే ఉంది. ఎక్కడా ఇదీ కారణమని గట్టిగా తేలలేదు. కారణం తెలియని రోగం దొరకడమంటే గ్లోబల్ హెల్త్‌కి పంట పండినట్టే. నీటి శాస్త్రజ్ఞుడికి నీళ్లలో సిలికా కనపడుతుంది. వ్యవసాయం చదివినవాడికి పురుగుమందు కనపడుతుంది. వాతావరణం వాడికి ఎండదెబ్బ, జన్యువుల వాడికి జన్యువులు, మందుల వాడికి నొప్పి మాత్రలు. ఎవరి అద్దం వాళ్లు పెట్టుకుని చూస్తారు, ఎవరి పేపర్ వాళ్లకి అచ్చవుతుంది. ఇన్ని అద్దాలకీ అవతల నిలబడి ఉన్న మనిషి వారానికి రెండుసార్లో మూడుసార్లో డయాలసిస్‌కి వెళ్లి వస్తుంటాడు.

ఆ ఊళ్లలో అరుగు మీద జరిగే మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి. ఐస్ బాక్సు, ఊదా మూత ట్యూబులు, ట్యాబ్‌తో ఒక కుర్ర పరిశోధకుడు గడపలోకి వస్తాడు. ఇల్లాలు పీట వేస్తుంది.

‘ఏటి బాబూ, మల్లీ రగతవేనా? పోయినేడు తీసినారు గదా, దానికేటయినాది?’

‘అది వేరే స్టడీ అమ్మా. వాళ్లది వేరే యూనివర్సిటీ.’

‘మా రగతవైతే ఒకటే గదా!’

కుర్రాడు నవ్వి ఫారం చదవడం మొదలెడతాడు. ఆవిడ లోపలికి వెళ్లి, దూలానికి వేలాడదీసిన ప్లాస్టిక్ సంచి తెచ్చి ముందు పెడుతుంది. అందులో శ్రీకాకుళం చీటీలు, బరంపురం చీటీలు, విశాఖపట్నం చీటీలు. క్రియాటినిన్ అంకెలన్నీ ఆవిడకి నోటికొచ్చు. ఎంత దాటితే మందులు మారుస్తారో, ఎంత దాటితే బస్సెక్కాలో, ఎంత దాటాక మామకి మంచం వేశారో తేదీలతో సహా చెబుతుంది. చెప్పి, చెయ్యి చాపి అడుగుతుంది.

‘ఈసారైనా రిజల్టు సెప్తారా?’

‘ఇది రిజల్టు కోసం కాదమ్మా, రీసెర్చి కోసం.’

సంచిలో ఉన్నదంతా పద్ధతి ప్రకారం సేకరించిన డేటా. ఏళ్ల తరబడి, ఒకే ఇంట్లో, ఒక్క శాంపిల్ కూడా పోకుండా. దీన్నే దీర్ఘకాలిక అధ్యయనం అంటారనీ, ఇది చెయ్యలేకే పరిశోధకులు మూడేళ్లకి చేతులెత్తేస్తారనీ ఆవిడకి తెలియదు. కుర్రాడి ట్యాబ్‌లో ఆ సంచి ఎక్కించడానికి గడి లేదు.

ఆ ఇల్లు చూపించింది ఎవరనుకున్నారు? ఆశా వర్కరు. ఎవరింట్లో డయాలసిస్, ఎవరింట్లో గర్భిణి, ఎవరు సంతకం పెడతారు, ఎవరు కర్ర పట్టుకొస్తారు అన్నీ ఆవిడకే తెలుసు. బరువు తూస్తుంది, టీకా రోజు చెబుతుంది, చావు నమోదు చేస్తుంది, అత్తాకోడళ్ల తగువులో దూరి కోడల్ని ఆసుపత్రికి లాక్కెళుతుంది. వైద్యం, గణాంకం, మానవశాస్త్రం, దౌత్యం అన్నీ ఒక్క భుజాన వేలాడే సంచిలో. దేశంలో పది లక్షలకి పైగా ఉన్న ఈ ఆశాలకి 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. అంటే మన ఊరి ఆశమ్మ అధికారికంగా ప్రపంచ ఆరోగ్య నాయకురాలు. ఆ నాయకురాళ్లే మరుసటేడు తెలంగాణలో నెలకి 18 వేలు ఇవ్వండి మహాప్రభో అని ఎండలో టెంట్లు వేసుకుని సమ్మెకి కూర్చున్నారు. లీడర్‌షిప్ మీద జెనీవాలో సమ్మర్ కోర్సు ఉంటే దాని ఫీజు వీళ్ల జీతంతో పోల్చి చూడాలని నాకు చాలా కుతూహలం. థీసిస్ చివర కృతజ్ఞతల్లో ‘క్షేత్రస్థాయిలో సహకరించిన వారికి’ అని ఒక ముక్క ఉంటుందే, అందులో ‘వారు’ ఈవిడే. దానికి ముందు రెండు పేజీలు గైడుకి, కుటుంబానికి, పెంపుడు పిల్లికి.

శాస్త్రాలు కలవడం వల్ల ప్రయోజనం లేదని నేననడం లేదు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలో వంగిపోయిన నడుములు, బిగుసుకుపోయిన మెడలు చూసి, ఎముకల్నీ బావి నీళ్లనీ పక్కపక్కన పెట్టి, ఇది ఫ్లోరైడ్ పని అని తేల్చారు. వైద్యమూ నీటి రసాయనమూ అలా కలిశాయి, థీసిస్ పేరులో కోలన్ అక్కర్లేకపోయింది. తర్వాత పటికా సున్నమూ వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆఫ్రికా దాకా వెళ్లింది. నల్లగొండకి మాత్రం నీళ్లు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో విసిగిపోయిన జనం నల్లగొండ స్థానానికి కుప్పలుతెప్పలుగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమైపోయింది, పోలింగు వాయిదా పడింది, ఫ్లోరైడ్ అన్న మాట ఢిల్లీకి వినపడింది. ఆ 480కి శాంపిల్ సైజు సరిపోయిందా అని ఏ గణాంకవేత్తా అడగలేదు. ఇంటింటికీ నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్లో లేచింది 2015లో.

అటు చూస్తే ఉద్దానం. అక్కడ కారణం ఇప్పటికీ తేలలేదు. 2017లో సినిమా నటుడు పవన్ కల్యాణ్ వెళ్లి కూర్చుంటే టీవీలన్నీ అటు తిరిగాయి, హార్వర్డ్ డాక్టర్లు కూడా వచ్చి చూసి వెళ్లారు. 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాల్లో నీళ్లొచ్చాయి, పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. అంటే కారణం తెలిసిన చోట నీళ్లు రావడానికి డెబ్భై ఏళ్లు పైన పట్టింది, కారణం తెలియని చోట తెలియకుండానే వచ్చాయి. ఓట్లు, ధర్నాలు, టీవీ కెమెరాలు కలిస్తే వచ్చాయి. ఈ మూడింటినీ కలిపి బోధించే ఇంటర్‌డిసిప్లినరీ కోర్సు ఏదైనా ఉంటే చెప్పండి, నేనూ అప్లికేషన్ పెడతాను.

డాక్టరేట్లన్నీ దండగ అనీ అనను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదవడానికే వెళ్లాడు, 1930లో పీహెచ్‌డీ కూడా పుచ్చుకున్నాడు. ఆయన థీసిస్ ఇవాళ ఎవరూ చదవరు. ఆయన నాయకత్వంలో వచ్చిన హెట్రజాన్ మాత్రం బోదకాలు ఉన్న దేశాల్లో కోట్లమంది మింగారు. డాక్టరేట్ వల్ల లోకానికి లాభమా అంటే అప్పుడప్పుడూ లాభమే. వెళ్లినవాడు తిరిగి రాకపోయినా మాత్ర రావాలి అంతే.

ఇక మన అభ్యర్థి పేపర్ రాసే వేళయింది. మొదటి పేరు తనది, చివరి పేరు పెద్ద గైడుది. రక్తం తీయించిన స్థానిక డాక్టరు పేరు మధ్యలో ఎక్కడో ఉంటుంది, పెళ్లి ఫొటోలో వెనక వరుస బంధువులా. అచ్చులో బయటికి రావడానికి ఫీజు. పేరున్న గ్లోబల్ హెల్త్ జర్నల్ ఒకటి వేల డాలర్లు తీసుకుంటుంది, పేదవాళ్లందరూ ఉచితంగా చదువుకోవడానికట. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత మనవాళ్లు ఈ రంగాన్ని చూసే పుట్టించి ఉంటారు.

పేపరొచ్చాక కాన్ఫరెన్సు. 2022లో మాంట్రియల్లో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు పెడితే ఆఫ్రికా నుంచి రావలసిన చాలామందికి కెనడా వీసాలు దొరకలేదు. ఎయిడ్స్ ఎక్కువగా ఉన్న చోటి వాళ్లు లేకుండా ఎయిడ్స్ మీద సదస్సు. వీసా అక్కర్లేనిది మందులకి లొంగని బ్యాక్టీరియాకే. అందుకే కాబోలు పటాన్‌చెరు మీద స్వీడన్ వాళ్లకి అంత శ్రద్ధ. మన మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి చేసే కేంద్రం నుంచి రోజుకి 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ వాగులోకి పోతోందని, అది తొంభై లక్షల జనాభా గల స్వీడన్ ఐదు రోజులు వాడేంత అని వాళ్లే 2007లో లెక్క తేల్చారు. నక్కవాగు పక్కన గేదెలు కాసేవాళ్లు అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే నీళ్లు పాడయ్యాయని మొత్తుకుంటున్నారు. పాపం వాళ్లు గ్రాములు చెప్పలేకపోయారు.

ఈ రంగంలో ఇప్పుడు ముచ్చటగా నడుస్తున్నది ‘వలస వాసన వదిలించుకోవడం’. దాని మీద లండన్లో సెమినార్లు, ప్రత్యేక సంచికలు, ప్రొఫెసర్ ఉద్యోగాలు. గ్లోబల్ హెల్త్ 50/50 అనే బృందం 2020లో లెక్క తీస్తే ఈ సంస్థల అధిపతుల్లో 80 శాతానికి పైగా ధనిక దేశాల పౌరులే, 90 శాతానికి పైగా అక్కడ చదువుకున్నవాళ్లే. వాళ్లే కూర్చుని వాసన ఎలా వదిలించాలా అని ముక్కులు మూసుకుని చర్చిస్తున్నారు. ఎవరూ కుర్చీలోంచి లేవరు గానీ అందరూ చాలా బాధపడతారు.

దొరల్ని తిట్టేసి మనం చేతులు దులుపుకోవడం కుదరదు. హైదరాబాదు నుంచి తెల్ల బొలెరోలో పాడేరుకో ఉట్నూరుకో పోయి, మధ్యాహ్నం లోపు ప్రశ్నపత్రాలు నింపించుకుని, చీకటి పడకముందే గెస్ట్‌హౌస్‌కి చేరే మన ప్రొఫెసర్లకి పాస్‌పోర్టు అవసరం లేదు, మిగతా అంతా అదే. అట్లాంటాలోనో డల్లాస్‌లోనో పెరిగిన మన పిల్లలు అమ్మమ్మగారి మండలాన్నే ఫీల్డ్ సైట్ చేసుకోవడం ఇంకో ముచ్చట. అమ్మమ్మ మోకాళ్ల నొప్పి సెలవుల్లో నొప్పిగా ఉండేది, ఇప్పుడు కేస్ స్టడీ.

2025లో ఈ రంగం పైకప్పు కూలింది. జనవరి 20న అమెరికా విదేశీ సాయాన్ని ఆపేసింది, జూలై నాటికి యూఎస్‌ఎయిడ్‌కి తాళం పడింది. మధ్యలో ట్రయల్స్ ఆగిపోయాయి, మందులు గోదాముల్లో చిక్కుకున్నాయి. 1984 నుంచి పేద దేశాల్లో ఇంటింటికీ తిరిగిన డెమోగ్రఫిక్ అండ్ హెల్త్ సర్వేలకి ఆ డబ్బే ఆధారం, అవీ అప్పుడు నిలిచిపోయాయి. ఇన్నాళ్లూ ఆ డేటా దించుకుని, ఊరు మొహం చూడకుండానే ఊరి మీద థీసిస్ రాసినవాళ్ల గుండెల్లో రాయి పడింది. ఆఫ్రికాలో హెచ్‌ఐవీ క్లినిక్ ముందు మూసిన తలుపు చూసి వెనక్కి పోయిన ఆడమనిషికీ, డౌన్‌లోడ్ లింకు పనిచెయ్యక విలవిల్లాడిన స్కాలర్‌కీ ఒకే పత్రికలో సంతాప వ్యాసాలు వచ్చాయి. స్కాలర్ వ్యాసంలో పట్టికలు ఉన్నాయి.

ఇన్ని గండాలూ దాటి మన అభ్యర్థి వైవాకి చేరాడు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కళ్లజోడు సర్దుకుని అడిగాడు: మీ పరిశోధన పరిమితులేమిటి? అభ్యర్థి ఠకీమని చెప్పాడు. కారణం తేలలేదు, మరింత పరిశోధన అవసరం. ఐదు శాస్త్రాల గైడ్లూ ఒక్కసారిగా తలలూపారు. ఇన్నేళ్లలో ఆ కోలన్ తర్వాత వాళ్లంతా ఒకే మాట మీద నిలబడింది అప్పుడే. చప్పట్లు, శాలువా, సమోసాలు. డాక్టరు గారు అయ్యాడు.

ఇక ఎక్కువ రోజులు పట్టదు, ఒక ఫెలోషిప్ ప్రకటన రాబోతోందని నా జోస్యం. అరుగు మీది ఇల్లాలు విసుగెత్తి చెయ్యి వెనక్కి తీసుకుందనుకోండి, దానికీ ఈ రంగంలో ‘పరిశోధన అలసట’ అని ఒక పేరు సిద్ధంగా ఉంది. ప్రకటన ఇలా ఉంటుంది: ‘అధ్యయన ప్రాంత ప్రజలు రక్త నమూనాలు ఇచ్చేందుకు ఎందుకు నిరాకరిస్తున్నారన్న అంశంపై ఇంటర్‌డిసిప్లినరీ డాక్టోరల్ ఫెలోషిప్‌లు రెండు. వైద్యం, మానవశాస్త్రం, ప్రవర్తనా ఆర్థికశాస్త్రం చదివినవారికి ప్రాధాన్యం. ఎంపికైనవారు 1,200 మంది నిరాకరించినవారి నుంచి సమ్మతిపత్రంతో పాటు రక్త నమూనా సేకరించవలసి ఉంటుంది.’